ఎలుకల బోనుకు ఇంట్లో చేసుకునే వాసన ఎరలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈశాన్య రుతుపవనాల వానలకు పొలాల్లో కన్నాలు తడిసేసరికి ఎలుకలు ఇళ్ల దారి పడతాయి. సరిగ్గా అప్పుడే వేరుశనగ కాయ కళ్లం నుంచి ఇంటికి చేరుతుంది. ఇక చిత్తూరు పల్లెల నుంచి, తిరుపతి పాత వీధుల నుంచి ఏటా అవే సందేహాలు. వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు కావాలంటే ఆ ప్రశ్నకు నేరుగా వెళ్లవచ్చు. ఇదంతా బోనులో పెట్టే ఎరల గురించే. విషపు ఎరల తయారీ ఇందులో లేదు.

## మొదలుపెట్టే ముందు

ఏదో ఒక తిండి పెడితే చాలదా? వాసన గురించి ఇంత ఆలోచన ఎందుకు?

ఎలుకకు చూపు మందం, ముక్కు చురుకు. చీకట్లో గోడ వారగా మీసాలతో తడుముకుంటూ నడిచే జంతువుకు బోనులో ఏముందో చెప్పేది వాసనే. అయితే వాసన ఎంత ఘాటుగా ఉంటే అంత మంచిదన్న నమ్మకం మాత్రం తప్పు. ఎలుక కొత్త వస్తువును, కొత్త వాసనను అనుమానిస్తుంది. తోటి ఎలుక నోటి దగ్గర వాసన చూసి, అది తిన్న ఆహారాన్ని నమ్ముతుంది. ఎలుక ఊపిరిలో కొద్దిగా ఉండే కార్బన్ డైసల్ఫైడు ఆహారపు వాసనతో కలిసినప్పుడు, ఇది తినదగినదే అన్న భరోసా ఎదుటి ఎలుకకు కలుగుతుందని 1980ల నాటి ప్రయోగాల్లో తేలింది. కాబట్టి ఎర వాసన ఎలుకకు పరిచయమైనదై ఉండాలి, ఆ చోట సులువుగా దొరకనిదై కూడా ఉండాలి. ఈ రెండూ కుదిరితే మీ పని సగం అయినట్టే.

మా ఇంట్లో తిరిగేది ఎలుకా, పందికొక్కా, చుంచా? ఎలా తెలుస్తుంది?

అటక మీద, దూలాల మీద, కొబ్బరి చెట్టు మీద తిరిగేది ఇంటి ఎలుక. దాని తోక ఒంటికంటే పొడవు. పునాది పక్కన, మురుగు కాలువ వెంట, పశువుల కొట్టంలో మట్టి తవ్వి కుప్ప పోసేది పందికొక్కు. ఒళ్లు బరువు, తోక పొట్టి, వెంట్రుకలు బిరుసు. చిట్టెలుక రెట్ట బియ్యపు గింజకంటే చిన్నగా ఉంటుంది.

చుంచు సంగతి వేరు. మూతి మొనదేలి, కళ్లు కనీకనిపించకుండా ఉంటాయి. కిచకిచమంటూ గోడ వెంట పరుగెడుతుంది, వెళ్లిన చోటల్లా కంపు వదులుతుంది. అది అసలు ఎలుక జాతే కాదు. బొద్దింకలను, పురుగులను తిని బతికే ప్రాణి. దాని మీద ఎర ఖర్చు చేయవద్దనే నా మాట. తలుపు కింది సందు మూస్తే సరిపోతుంది.

అమెరికా వీడియోల్లో నక్కలకు, ఇతర బొచ్చు జంతువులకు సీసాల్లో వాసన ఎరలు చేస్తున్నారు. అలాంటివి ఇక్కడ చేసుకోవచ్చా?

అక్కడ బొచ్చు కోసం జంతువులను పట్టడానికి లైసెన్సులు, రుతువుల గడువులు ఉంటాయి. వాళ్లు బీవర్ అనే జంతువు గ్రంథుల నుంచి తీసిన కాస్టోరియం, స్కంక్ అనే మరో జంతువు కంపు, చేప నూనె, సోంపు నూనె వంటివి కలుపుతారు. చలికి గడ్డకట్టకుండా, త్వరగా ఆరిపోకుండా గ్లిజరిన్ పోస్తారు. తిరుపతి ఎండల్లో గడ్డకట్టే భయం మనకు లేదు. బీవరూ స్కంకూ ఈ దేశంలోనే లేవు.

ముఖ్యమైన సంగతి చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చు వేయడం, బోనులో పట్టడం, ఎర చూపడం, ఇవి చేయబోవడం కూడా వేట కిందికే వస్తాయి. నక్క, ముంగిస, అడవి పిల్లి, పునుగు పిల్లి, ముళ్లపంది, అలుగు, కుందేలు, అడవి పంది, వీటిలో దేనికీ మనం ఎర పెట్టకూడదు. శేషాచలం అంచు ఊళ్లవారు, కౌండిన్య అభయారణ్యం వైపు పలమనేరు రైతులు ఇది మరింత గుర్తుంచుకోవాలి. అడవి పందులు చేనులో పడితే ముందు వెళ్లవలసింది అటవీ శాఖ దగ్గరికి.

ఆ వీడియోల నుంచి మనం నేర్చుకోదగినది ఒక్కటే: వాసనను కొవ్వులోనో నూనెలోనో పట్టి ఉంచితే అది నిదానంగా, ఎక్కువసేపు బయటికి వస్తుంది.

తిరుమలలో పునుగు తైలం వాడతారు కదా. దాన్ని ఎరలో వేస్తే ఎలుకలు వస్తాయా?

రావు. పునుగు పిల్లి మాంసం తినే జంతువు, ఎలుకలు దానికి ఆహారం. తమను తినే జంతువు వాసన తగిలితే ఎలుకలు దూరం జరుగుతాయి. స్వామివారికి శుక్రవారం అభిషేకం తరువాత సమర్పించే ద్రవ్యాన్ని ఎలుకల బోను దాకా తేవడం ఎందుకో నాకు అర్థం కాదు గానీ, ఈ ప్రశ్న మాత్రం మానకుండా వస్తుంది. పునుగు పిల్లిని పట్టినా, దాని తైలం కోసం దాచినా చట్టరీత్యా నేరం.

ఎలుకలను పట్టడం కూడా నేరమేనా?

కాదు. మన ఇళ్లలో, పొలాల్లో తిరిగే మామూలు ఎలుకలు, పందికొక్కులు రక్షిత జంతువుల జాబితాలో లేవు. మునుపు ఎలుకలు ఆ చట్టంలోని అయిదో షెడ్యూలులో హానికర జంతువులుగా ఉండేవి. 2022 సవరణలో ఆ షెడ్యూలునే తీసేశారు. హింసించి చంపడం మాత్రం ఏ జంతువు విషయంలోనూ తగదు.

## ఎర తయారీ

అన్నిటికంటే మంచి ఎర ఏది?

ఎక్కడికైనా పనికొచ్చే ఎర అంటూ లేదు. బోను పెట్టే చోట ఎలుకకు ఏది పుష్కలంగా దొరుకుతోందో ముందు చూడండి. అది తప్ప మరొకటి పెట్టండి.

వేరుశనగ మూటలున్న గదిలో వేరుశనగ ఎర పెడితే ఎలుక దాని వంక కూడా చూడదు. అక్కడ దానికి కొరత నీళ్లు. టమాటా ముక్క, దోసకాయ ముక్క, తడిపిన రొట్టె పెట్టండి, ఎండాకాలంలో మరీ బాగా పనిచేస్తాయి. బియ్యం మిల్లులో, పిండి మరలో ఎండుచేప. టిఫిను హోటలు వెనుక నూనె వాసనకు లోటుండదు కాబట్టి అక్కడ పండిన అరటిపండో మామిడి ముక్కో మేలు. చెరకు తోట పక్కన, బెల్లం వండే చోట తీపి దండగ. వేయించిన గింజలు, ఎండు రొయ్యలు వాడండి. మామూలు ఇంట్లో, అంటే డబ్బాలన్నీ మూతలు పెట్టి ఉన్న వంటింట్లో, వేయించిన వేరుశనగకు మించినది నేను చూడలేదు.

ఇంటి ఎలుకకు వేరుశనగ ఎర ఎలా చేయాలి? కొలతలు చెప్పండి.

వేరుశనగ గింజలు 100 గ్రాములు, రాగి పిండి 50 గ్రాములు, రెండు వేళ్ల వెడల్పు ఎండుకొబ్బరి ముక్క, వేరుశనగ నూనె గానీ నువ్వుల నూనె గానీ 2 చిన్న చెంచాలు. ఇవి చాలు.

గింజలను సన్నని మంట మీద పొట్టు మచ్చలు పడేదాకా వేయించండి. వేయించినప్పుడే గింజలో కొత్త వాసనలు పుడతాయి, పచ్చి గింజలో అవి ఉండవు. కొబ్బరి ముక్క అంచును మంట మీద కొంచెం మాడనివ్వండి. రాగి పిండిని నూనె లేకుండా పెనం మీద కమ్మని వాసన వచ్చేదాకా కదపండి. గింజలను, కొబ్బరిని రోట్లో బరకగా దంచండి. మెత్తగా రుబ్బితే ఎలుక నాకి పోతుంది, బరకగా ఉంటే కొరకడానికి ఆగుతుంది. ఇప్పుడు పిండి కలిపి, గోరువెచ్చని నూనె పోసి, చేతికి అంటకుండా చెంచాతో ముద్ద చేయండి. ఉండ కట్టకపోతే రెండు చెంచాల గంజి చిలకరించండి.

ఇంటి ఎలుకకు ఉసిరికాయంత ఉండ చాలు. చిట్టెలుకకు శనగగింజంత. పెద్ద ఉండ పెడితే అంచున కొరుక్కుని వెళ్లిపోతుంది, కొక్కెం కదలదు.

నూనె ఎక్కువ పోస్తే వాసన దూరం వెళ్తుంది కదా?

వ్యవసాయ శాఖ సిఫారసు చేసే నూకల ఎరల్లో కూడా నూనె నూటికి 2 పాళ్లే. మన ఎరలో పైన చెప్పిన రెండు చిన్న చెంచాలకు మించితే ఉండ విరిగిపోతుంది, చీమలు పడతాయి, రెండు రోజులకే కాటు వాసన వస్తుంది. కాటు పట్టిన నూనె ఎలుకలను పిలవదు, తరుముతుంది. ఒకసారి బజ్జీలు కాల్చిన నూనె దొరికితే వాడవచ్చు. పలుమార్లు మరిగి నల్లబడినది వద్దు.

పందికొక్కు వేరుశనగ ఉండను ముట్టడం లేదు. దానికి ఏం పెట్టాలి?

పందికొక్కుకు నీచు వాసన ఇష్టం. గుప్పెడు ఎండు నెత్తళ్లను నూనె లేకుండా పెనం మీద వేయించి, తలలతో సహా నలగ్గొట్టండి. చల్లారిన రాగి సంగటిలో గానీ మెత్తని అన్నంలో గానీ కలిపి, పలచటి నూలు గుడ్డలో మూట కట్టి కొక్కేనికి గట్టిగా ముడివేయండి. గుడ్డ ఉండడం వల్ల అది లాగక తప్పదు, లాగితే తలుపు పడుతుంది. శ్రీకాళహస్తి వైపు వరి పొలాల్లో అయితే పీత మాంసం, నత్త మాంసం ఇంకా మేలు. అవి అక్కడి పందికొక్కులకు అలవాటైన తిండే.

మాంసాహారం ఇంట్లోకి రానివ్వని వారు పచ్చికొబ్బరి, కాల్చిన చిలగడదుంప వాడవచ్చు. కొంచెం ఎక్కువ ఓపిక కావాలి. ఒక హెచ్చరిక: సన్నని తీగల బోను పందికొక్కును ఆపలేదు. ఊచలు వంచుకుని పోతుంది.

మసాలా వడ పెట్టడం పాత పద్ధతి. అది నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది, వేడివేడిగా పెట్టిన రాత్రి మాత్రమే. పప్పు, ఉల్లి, నూనె కలిసి వేగిన వాసన ఇల్లంతా పరుచుకుంటుంది. తెల్లారేసరికి వడ గట్టిపడి వాసన చస్తుంది. చాలామంది అదే వడను మూడు రాత్రులు ఉంచి, ఎలుకకు తెలివి మీరిందని అంటారు. మిరపకాయలు వేయకుండా వేయించిన ముక్క అయితే ఇంకా మంచిది.

బెల్లం కలపవచ్చా?

గోరంత కలపవచ్చు. అంతకు మించితే బోనులోకి ముందు వచ్చేది చీమల బారు. చీమలు పట్టిన ఎరను ఎలుక వదిలేస్తుంది.

వెనిలా, సోంపు, అత్తరు లాంటివి చుక్క వేస్తే?

అత్తరు వద్దు. వెనిలా, సోంపు నూనె వంటివి విదేశీ ఎరల్లో ఉంటాయి కానీ, మన ఎలుకలకు ఆ వాసనలతో పరిచయం తక్కువ. బేకరీ వెనుక సందులో వెనిలా పనిచేయవచ్చు. పల్లెటూరి కొట్టంలో దానికంటే కాల్చిన కొబ్బరి నయం.

ఎరలోనే మందు కలిపితే బోను లేకుండా పని అయిపోతుంది కదా?

దయచేసి వద్దు. జింకు ఫాస్ఫైడు కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీను అనే విషవాయువుగా మారుతుంది, దానికి విరుగుడు లేదు. వేరుశనగ ఉండ పిల్లలకు చిరుతిండిలా కనిపిస్తుంది. కుక్కలు, కోళ్లు తింటాయి. పైగా కొంచెం తిని ప్రాణంతో బయటపడిన ఎలుక ఆ వాసనను గుర్తుపెట్టుకుని ఇక ఆ ఎర జోలికి రాదు. అప్పుడు మీ మంచి ఎర కూడా చెడినట్టే. బోను ఎర చేసే గిన్నెను, చెంచాను మందు దగ్గరికి కూడా తేవద్దు.

చేసిన ఎర ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?

పొడి మిశ్రమం, అంటే నూనె, గంజి కలపక ముందుది, మూత బిగువుగా ఉన్న గాజు సీసాలో నెల దాకా ఉంటుంది. ఉండలు చేశాక రెండు మూడు రోజులే. వానాకాలంలో ఆ మాత్రం కూడా ఉండవు, బూజు పడుతుంది. సీసా మీద ఎలుకల ఎర అని పెద్ద అక్షరాలతో రాసి, వంటింటి అలమరలో కాకుండా వేరే చోట పెట్టండి. పచ్చడి వేసిన ప్లాస్టిక్ డబ్బాలు వాడకండి, ఎంత కడిగినా ఆ వాసన పోదు.

## బోను పెట్టడం

చేతి వాసన అంటితే ఎలుక రాదంటారు. నిజమేనా?

మనతోనే బతికే ఇంటి ఎలుకకు మనిషి వాసన కొత్తది కాదు. దాన్ని వెనక్కి పంపేవి సబ్బు, ఫినాయిలు, దోమల నూనె, అమృతాంజనం వంటివి. వాటిని తాకిన చేత్తో ఎర పట్టుకోవద్దు. చేతి తొడుగులు మాత్రం వేసుకోవాలి. అది ఎలుక కోసం కాదు, మీ కోసం. ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. వాటి ఒంటి మీది నల్లుల లాంటి చిన్న పురుగుల పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది.

ఒక ఎలుక పడ్డాక బోనును కడగాలా?

రక్తం, మలం ఉంటే వేడినీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి. ఫినాయిలు, సువాసన సబ్బు వాడకండి. మెరిసేలా తోమవలసిన పని లేదు. కొంచెం ఎలుక వాసన మిగిలి ఉన్నా నష్టం లేదు. మరో ఎలుకకు అది పరిచయమైన వాసనే. పిల్లి పడుకునే చోట మాత్రం బోను ఆరబెట్టవద్దు.

బోను ఎక్కడ పెట్టాలి?

గోడకు ఆనించి. ఎలుక గది నడుమ నుంచి నడవదు. గోడ వారన జిడ్డు మరకలు, రెట్టలు కనిపించే చోట, బోను నోరు దాని దారికి ఎదురుగా ఉండేలా పెట్టండి. ఇంటి ఎలుకకు అటక మీద, పందికొక్కుకు కన్నానికి ఒకటి రెండు బారల దూరంలో. తలుపు దగ్గర చిటికెడు ఎర పొడి చల్లి, కొక్కెం దాకా సన్నని చాలుగా తీసుకువెళ్లండి. ఎంత మంచి ఎర అయినా తప్పుడు చోట పెడితే దండగే.

నాలుగు రాత్రులైంది, బోను ఖాళీగానే ఉంది. ఎర మార్చాలా?

తొందరపడి మార్చకండి. బోను అక్కడికి కొత్త వస్తువు. మొదటి మూడు నాలుగు రాత్రులు తలుపు పడకుండా తాడుతో కట్టేసి, రోజూ తాజా ఎర పెట్టండి. ఎలుక లోపలికి వచ్చి తిని పోనివ్వండి. ఎర మాయమవడం మొదలైన రెండో రాత్రి తాడు విప్పండి. ఈ ఓపిక చాలామందికి ఉండదు. రోజుకో ఎర మార్చి, రోజుకో మూలకు బోను జరిపి, ప్రతి రాత్రీ ఎలుకకు కొత్త అనుమానం కలిగిస్తారు. చిట్టెలుకలకు ఇంత భయం లేదు, కొత్త వస్తువును చూడటానికి అవే వస్తాయి.

కట్టేసిన రాత్రుల్లో కూడా ఎర ముట్టకపోతే అప్పుడు ఎర మార్చండి. అదీ ఒకసారే.

ఎర తినేస్తోంది, తలుపు మాత్రం పడటం లేదు.

కొక్కెం బిగుసుకుపోయి ఉంటుంది. తుప్పు గీకి, వంట నూనె చుక్క వేయండి. యంత్రాలకు వేసే నూనె వద్దు, వాసన కొడుతుంది. ఎరను గుచ్చకుండా దారంతో కట్టండి.

చీమలు ఆగడం లేదు. చీమల మందు గీత గీయవచ్చా?

ఆ గీత ఎలుకను కూడా ఆపుతుంది. ఎరను నేలకు తగలకుండా వేలాడదీయండి, తీపి మానేయండి, చీకటి పడ్డాకే పెట్టండి.

బోనులో ఉడుత పడింది. ఏం చేయాలి?

వెంటనే వదిలేయండి. ఉడుతలు, పక్షులు పగలు తిరుగుతాయి, ఎలుకలు రాత్రి. పొద్దున్నే బోను మూసి, పొద్దుగూకాక తెరిస్తే ఈ చిక్కు రాదు. ఆరుబయట నీచు ఎర పెడితే ముంగిస గానీ పునుగు పిల్లి గానీ పడవచ్చు. పడితే చేయి పెట్టకుండా, దూరం నుంచి కర్రతో తలుపెత్తి పక్కకు తొలగండి.

పొలం మొత్తానికి ఇలా ఎరలు పెట్టగలమా?

ఒక్క రైతు వల్ల కాదు. మీ చేను శుభ్రమైతే పక్క చేని ఎలుకలు వస్తాయి. పక్కపక్క రైతులందరూ ఒకే వారంలో, పైరు చిన్నగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. గింజ పాలు పోసుకున్నాక చేనంతా తిండే కాబట్టి ఎరకు విలువ ఉండదు. వెడల్పు గట్లు ఎలుకలకు ఇళ్లు, వాటిని సన్నగా ఉంచండి.

యానాదులు ఎలుకలు పట్టడంలో ఆరితేరినవారు. వాళ్లకు మన ఎరలతో పని ఉండదు. ఏ కన్నంలో ఎలుక ఉందో, రెండో వాకిలి ఎక్కడో మట్టిని చూసి చెబుతారు, పొగ పెట్టి బయటికి రప్పిస్తారు. మీ ఊళ్లో అలాంటి వారుంటే సరైన కూలి ఇచ్చి పిలవండి.

## పడిన తరువాత

పడిన ఎలుకను దూరంగా వదిలేయవచ్చా?

మరొకరి చేనులోనో వీధి చివరనో వదిలితే మీ బెడద వాళ్లకు చేర్చినట్టే. చంపలేని వారు ముందే ఆ సంగతి ఆలోచించుకుని, తలుపులు, గొట్టాల సందులు మూయడం మీద శ్రద్ధ పెట్టాలి. చంపదలచుకున్నవారు ఒక్క దెబ్బతో చంపే స్ప్రింగు బోను వాడటం మేలు. తీగల బోనులో రోజంతా ఎండలో మాడనివ్వడం క్రూరత్వం. చచ్చినదాన్ని తొడుగులతో పట్టుకుని, బావికి, కాలువకు దూరంగా రెండడుగుల లోతున పూడ్చండి.

జిగురు అట్ట చౌక కదా, అది వాడితే?

నేను వద్దనే అంటాను. అతుక్కున్న ఎలుక గంటల తరబడి చావలేక బతకలేక కొట్టుకుంటుంది. బల్లులు, పిచ్చుకలు కూడా అతుక్కుంటాయి. దేశంలో పలు రాష్ట్రాలు వీటిని నిషేధించాయి.

ఒకటి పడ్డాక మిగతావి రావడం లేదు.

ఒక బోనుతో ఒక రాత్రి ఒక ఎలుకే పడుతుంది. ఈలోగా మిగతావి తలుపు చప్పుడుకు, చిక్కిన ఎలుక అరుపుకు బెదురుతాయి. నాలుగైదు బోనులు అరువు తెచ్చుకుని ఒకే రాత్రి తాళ్లు విప్పితే ఫలితం ఎక్కువ. ఒక్క బోనే ఉంటే రెండు రాత్రులు ఖాళీగా వదిలి, చోటు కొంచెం జరిపి, మళ్లీ తలుపు కట్టేసి అదే ఎరతో మొదలుపెట్టండి. ఎలుక గర్భం మూడు వారాలే కాబట్టి, ఒకటి పడిందని బోనును అటక ఎక్కిస్తే నెల తిరిగేసరికి మళ్లీ దించవలసి వస్తుంది.